కవాగోయెనా, కమకురానా? తినే ఊరు వేరు, తెచ్చుకునే ఊరు వేరు

మూడేళ్ళ కిందట టోక్యో నుంచి విజయవాడ వెళ్తూ మా అత్తగారి కోసం ఒక పెట్టె దైఫుకు పట్టుకెళ్ళాను. బియ్యప్పిండితో సాగే పల్చటి పొర, లోపల అజుకి అనే ఎర్ర చిక్కుడు గింజల తియ్యటి ముద్ద. అచ్చం మన పూర్ణమే. కొన్న రోజు దూదిలా ఉంది. ఇంటికి చేరాక ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే గోళీకాయ. అత్తయ్య ఒకటి నోట్లో పెట్టుకుని, మెల్లగా బయటికి తీసి, "వీటిని వాళ్ళు తింటారా, గురి చూసి కొడతారా?" అనడిగారు.

తప్పు మిఠాయిది కాదు, నాది. తినాల్సినదాన్ని మోసుకెళ్ళాను. అప్పటి నుంచి ఒక్కరోజు ట్రిప్‌కి ఊరు ఎంచుకోవడంలో నా లెక్క మారింది.

టోక్యోలో నిషి కసాయ్ వైపు మనవాళ్ళు ఎక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే సీజన్‌లో నాకు వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. "అక్కా, ఆదివారం ఒక్కరోజే ఖాళీ. పాత జపాన్ ఊరు చూపించాలి, స్వీట్లు తినిపించాలి, కొట్లు తిప్పాలి. కవాగోయెకి వెళ్ళనా, కమకురాకా?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "స్వీట్లు అక్కడే తినేస్తారా, ఊరికి పట్టుకెళ్తారా?"

జపాన్ వాళ్ళు తమ మిఠాయిల్ని తేమ శాతాన్ని బట్టి విడదీసుకున్నారు. 30 శాతం, ఆ పైన తేమ ఉంటే నమగాషి, అంటే పచ్చి మిఠాయి. 10 శాతం లోపైతే హిగాషి, ఎండు మిఠాయి. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఉండ్రాళ్ళకీ సున్నుండలకీ ఉన్న తేడా. ఉండ్రాళ్ళు వండిన పూటే బాగుంటాయి. ఫ్రిజ్ చల్లదనానికి బియ్యప్పిండి బిగుసుకుపోతుంది. సున్నుండలు డబ్బాలో పోసి మూత పెడితే నెల రోజులు అలాగే ఉంటాయి. మీరు వెళ్ళబోయే ఊరు ఉండ్రాళ్ళ ఊరా, సున్నుండల ఊరా అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

కొనేటప్పుడు పెట్టె వెనక చూడండి. తేదీ పక్కన 'షోహి కిగెన్' అని ఉంటే ఆ రోజు దాటాక తినకూడదు. 'షోమి కిగెన్' అని ఉంటే ఆ తేదీ వరకు రుచి చెడదని మాత్రమే అర్థం. లిపి రాకపోతే కౌంటర్లో "హిమోచి వ దోనో కురాయ్ దెస్కా?" అని అడగండి. ఎన్నాళ్ళు నిలవుంటుంది అని. జవాబు అర్థం కాకపోయినా వేళ్ళు చూపిస్తారు. ఒక్క వేలే చూపిస్తే అక్కడే బెంచీ వెతుక్కోండి.

కవాగోయె: చిల్లర చేతిలో, ఆకలి కడుపులో

నిషి కసాయ్ నుంచి దీనికి దారి సులువు. తోజాయ్ లైన్‌లో మారకుండా తకదనొబాబా, అక్కడ సెయిబు షింజుకు లైన్ ఎక్కితే చివరి స్టేషన్ హొన్-కవాగోయె. ఆ రెండో బండి ఎక్స్‌ప్రెస్ అయితే దాదాపు గంట. ఇకెబుకురో వైపు ఉండేవాళ్ళకి తోబు తోజో లైన్లో అరగంటే గానీ, ఆ కవాగోయె స్టేషన్ నుంచి పాత వీధికి నడక ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే హొన్-కవాగోయెలోనే దిగండి.

పాత వీధిలో రెండు పక్కలా నల్లటి, మందపాటి మట్టిగోడల కొట్లు. 1893లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊళ్ళో మూడో వంతు కాలిపోయింది. ఆ మంటల్లో నిలిచినవి గోదాముల పద్ధతిలో మట్టిగోడలతో కట్టిన ఇళ్ళు. 1792లో కట్టిన ఒకటి ఇప్పటికీ ఉంది. అది చూసిన వ్యాపారులు తమ కొట్లన్నీ అదే పద్ధతిలో కట్టుకున్నారు. కాబట్టి మీరు ఫోటోలు తీసుకునే ఆ అందమంతా నిప్పు భయంతో పుట్టింది. మధ్యలో 16 మీటర్ల చెక్క గంటస్తంభం. పొద్దున ఆరుకి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి, సాయంత్రం ఆరుకి గంట మోగుతుంది. మీ మధ్యాహ్నం నడకలో మూడు గంటలకి దాని కింద ఉండేలా చూసుకోండి.

ఇక తిండి. ఈ ఊరికి చిలగడదుంప (తెలంగాణ వాళ్ళ కందగడ్డ, సీమ వాళ్ళ గెనుసుగడ్డ) ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత శ్లేష ఉంది. 'కురి' అంటే చెస్ట్‌నట్ కాయ, తొమ్మిది రి అని కూడా అర్థం వస్తుంది. రి అనేది మన ఆమడ లాంటి పాత దూరపు కొలత. 'యొరి' అంటే 'కంటే', అందులో నాలుగు రి వినిపిస్తుంది. తొమ్మిదీ నాలుగూ పదమూడు. చెస్ట్‌నట్ కంటే రుచైనది పదమూడు రి అని కాల్చిన దుంపకి పేరు పెట్టారు. ఎదో నగరం (నేటి టోక్యో) నుంచి కవాగోయె కూడా అంత దూరమేనని అంటారు. ఇక్కడి దుంపలు పడవల మీద షింగాషి నది దిగి ఎదోకి చేరేవి.

తప్పకుండా తినాల్సింది ఇమొకోయ్. కుడుములో గుండ్రటి దుంప ముక్క పెట్టి, పైన పూర్ణం కప్పి, ఆవిరి మీద ఉడికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వెదురు బుట్ట మూత తీయగానే పొగ మొహానికి కొడుతుంది. పొర పల్చగా, లోపలి పసుపురంగు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. కొరికితే ముందు సాగుతుంది, తర్వాత దుంప మెత్తగా విరుగుతుంది. చల్లారాక తింటే ఇందులో సగం కూడా ఉండదు. దుంపని పొడుగ్గా పల్చగా చీరి వేయించి కప్పులో నిలబెట్టి ఇచ్చే చిప్స్ దగ్గర క్యూ పెద్దదిగా ఉంటుంది. నన్నడిగితే మన ఇంట్లో వేయించిన చిప్స్ ముందు అది దిగదుడుపే. ఆ క్యూలో నిలబడే అరగంట కషియా యొకొచోలో గడపండి.

కషియా యొకొచో అంటే మిఠాయి కొట్ల సందు. 1923 భూకంపంలో టోక్యో మిఠాయి తయారీదారులు దెబ్బతిన్నాక ఈ సందే వాళ్ళ బదులు సరుకు పంపింది. 1930ల్లో ఇక్కడ డెబ్భై దాకా కొట్లుండేవి. ఇప్పుడు మిగిలినవి ఇరవై పైచిలుకు. జపాన్ పర్యావరణ శాఖ 2001లో దేశంలోని మంచి వాసనల చోట్లు వంద ఎంపిక చేస్తే ఈ సందు అందులో ఉంది. కాగుతున్న పంచదార, దాల్చినచెక్క. జీళ్ళ బండి పక్కన నిలబడి పెరిగినవాళ్ళకి ఆ వాసన కొత్తేం కాదు. పదులు, ఇరవైల యెన్‌లకే చిన్న మిఠాయిలుంటాయి. పిల్లాడి చేతిలో 500 యెన్ నాణెం పెట్టి బుట్ట ఇచ్చేస్తే వాడి లెక్కలు వాడు చూసుకుంటాడు.

ఫుగాషి గురించి ఒక హెచ్చరిక. గోధుమ బంకని ఉబ్బేలా కాల్చి, నల్లబెల్లం పాకం పట్టిన తేలికపాటి కర్ర అది. ఇక్కడ 95 సెంటీమీటర్ల పొడుగుది దొరుకుతుంది. మా చెల్లెలి కొడుకు అది కొనిపించుకుని కత్తిలా భుజాన వేసుకుని రైలెక్కాడు. తకదనొబాబాలో తలుపులు తెరుచుకునేసరికి అది మూడు ముక్కలైంది, నా నల్ల ప్యాంటు గోధుమరంగైంది. సందులోనే విరిచి పంచుకుని తినేయండి.

ఇంటికి తేవడానికి ఈ ఊళ్ళో ఉన్నవి తక్కువే. ఇమో కెంపి అని సన్నగా తరిగి వేయించి పంచదార పట్టించిన దుంప పుల్లలు, ఉండల మిఠాయి, బిళ్ళలు. ఇవి విమానం ఎక్కుతాయి. మిఠాయిలు కానివాటిలో వంటింటి కత్తులు, మట్టిపాత్రలు బాగుంటాయి. కత్తి కొంటే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలని మర్చిపోకండి.

ఈ ఊరితో నాకున్న గొడవ ఒక్కటే. ఆ అందమైన వీధి మధ్యలోంచి బస్సులు, కార్లు పోతూనే ఉంటాయి, ఫుట్‌పాత్ సన్నం. ఆదివారం మధ్యాహ్నం స్ట్రోలర్‌తో అక్కడ నడవడం టెన్షనే. అక్టోబరు మూడో ఆదివారం, దాని ముందు రోజు శనివారం ఇక్కడ రథాల పండగ జరుగుతుంది. ఆ రెండు రోజులు పండగ కోసమే వెళ్ళండి, మిఠాయిల కోసం వెళ్ళకండి.

కమకురా: పెట్టెలు కొనే ఊరు

టోక్యో స్టేషన్ నుంచి జేఆర్ యొకొసుకా లైన్లో గంట, మారక్కర్లేదు. దిగగానే ఎడమచేతి వైపు కొమాచి వీధి మొదలవుతుంది. పగలు ఇందులో నడకే, కాబట్టి స్ట్రోలర్ వాళ్ళకి కవాగోయె కన్నా మేలు. దానికి సమాంతరంగా వకమియా పెద్ద వీధి సూటిగా త్సురుగఒక హచిమాన్ గుడికి వెళ్తుంది.

ఆ పెద్ద వీధిలోనే తొషిమాయా ప్రధాన దుకాణం. 1894లో మొదలైంది. వీళ్ళ 'హతో సాబురే' పావురం ఆకారంలో ఉండే పెద్ద వెన్న బిస్కెట్. మొదటి యజమానికి ఒక విదేశీయుడు బిస్కెట్ ఇచ్చాడట. ఆ రుచి కోసం ఆయన చాలా తంటాలు పడ్డాడు. అది ఫ్రెంచి వాళ్ళ 'సాబ్లే'లా ఉందని ఎవరో అంటే ఆయన చెవికి అది 'సాబురో' అనే మగవాడి పేరులా వినపడింది. పావురం ఎందుకంటే హచిమాన్ గుడి ఫలకం మీద 'హచి' అక్షరం రెండు పావురాలు జంటగా ఉన్నట్టు రాసి ఉంటుంది. గుడి దగ్గరికి వెళ్ళినప్పుడు తలెత్తి చూడండి, కనిపిస్తుంది.

నాకు ఈ బిస్కెట్ ఎందుకిష్టమంటే, ఇది సున్నుండ జాతి. విడివిడి ప్యాకెట్లు, పసుపు డబ్బా, వారాల తరబడి నిలవ. విజయవాడ ఎండలో కూడా కరగదు. తోక విరగడం మాత్రం ఖాయం. గుడ్డు ఉంటుంది కాబట్టి గుడ్డు తినని వాళ్ళకి పనికిరాదు. ఆ పావురం బొమ్మతో చేసిన చిన్నాచితకా వస్తువులు ఈ ప్రధాన దుకాణంలోనే దొరుకుతాయి. ఆఫీసులో పదిమందికి ఇవ్వాలంటే బిస్కెట్ల పెట్టె, దగ్గరి స్నేహితురాలికైతే ఆ బొమ్మ వస్తువు. బెనియా వాళ్ళ కురుమిక్కో (వాల్‌నట్లు, కారమెల్ కూరిన చిన్న చదరాలు) కూడా ప్రయాణానికి తట్టుకుంటుంది. అదైతే పొద్దునే కొనండి, అయిపోతుంది.

కమకురాలో నడుస్తూ తినడం మానండి. 2019 ఏప్రిల్‌లో ఊరు ఒక నిబంధన తెచ్చింది. జుర్మానా లేదు, కానీ ఇరుకు వీధిలో నడుస్తూ తిని పక్కవాళ్ళ బట్టలు పాడుచెయ్యొద్దని అడుగుతోంది. కొట్టు ముందే నిలబడి తిని, పుల్ల వాళ్ళకే ఇచ్చి కదలండి. సముద్రం వైపు వెళ్తే నిబంధనతో పనిలేదు, గద్దలే చూసుకుంటాయి. మా స్నేహితురాలు ఒడ్డున దాంగో (బియ్యప్పిండి ఉండలు) పుల్ల ఎత్తి ఫోటో తీసుకుంటుంటే వెనక నుంచి వచ్చి ఒకటి తీసుకుపోయింది. గద్ద తన్నుకుపోయినట్టు అని అనడమే గానీ అంతవరకు నేను చూడలేదు. ఫోటోలో పుల్లా లేదు, గద్దా లేదు, ఆమె నోరు తెరిచిన మొహం ఉంది.

మిఠాయిలు కాకుండా కొనాలంటే కమకురా-బొరి చూడండి. కొయ్య చెక్కి లక్క పూసిన పళ్ళేలు, అద్దాలు. ధర ఎక్కువ, కానీ తరాలు నిలిచే సరుకు. చిన్న సాసర్లు అందుబాటులో ఉంటాయి.

కమకురాకి ఉన్న పెద్ద బలం చూడ్డానికి ఇంకా చాలా ఉండటం. 11.3 మీటర్ల కంచు బుద్ధుడు హసెలో ఉన్నాడు, ఎనొదెన్ అనే చిన్న రైలెక్కి వెళ్ళాలి. జెనిఅరాయ్ బెంతెన్ అనే గుహ గుడిలో డబ్బు కడుక్కుంటే వృద్ధి అవుతుందని నమ్మకం. ఆ బెంతెన్ మన సరస్వతే. చదువుల తల్లి ఇక్కడికొచ్చి లక్ష్మి పని కూడా చేస్తోందని మా నాన్నగారు నవ్వారు. నవ్వుతూనే వెయ్యి యెన్ నోటు తడిపి ఆరబెట్టుకున్నారు. అయితే ఇవన్నీ చేర్చుకుంటే మిఠాయిలకి మిగిలేది గంటన్నర. జూన్‌లో పూలు చూడ్డానికి జనం విరగబడతారు, ఆ నెల నేను వెళ్ళను.

షిబామతా: ఇంద్రుడి గుడి, మాచిపత్రి ఉండలు

పూర్తి రోజు లేని వాళ్ళకి ఇది చెప్తాను. టోక్యోలోనే కత్సుషికా వార్డులో ఉంది. కెయిసెయ్ తకసాగోలో మారితే తర్వాతి స్టేషనే. స్టేషన్ నుంచి గుడికి వెళ్ళే వీధి రెండొందల మీటర్లు, అంతే. గుడి పేరు తైషకుతెన్, 1629లో కట్టారు. తైషకుతెన్ అంటే ఇంద్రుడు. ఆ వీధిలో అమ్మే కుసా దాంగో ఆకుపచ్చ ఉండలు. ఆ పచ్చదనం యొమొగి ఆకుది. వినాయక చవితి పత్రిలో ముందుగా వేసే మాచిపత్రి ఉంది చూశారా, ఆ కుటుంబమే. ఉడికించిన బియ్యప్పిండిలో ఆ ఆకు నూరి కలుపుతారు, పక్కన అజుకి ముద్ద వేసిస్తారు. మా అమ్మ వాసన చూసి "ఇది పూజకి కదే, తింటారా?" అంది, తర్వాత నాలుగు తింది. చేదు వెనకాల నెమ్మదిగా తీపి వస్తుంది. పూర్తిగా ఉండ్రాళ్ళ జాతి, సాయంత్రానికి గట్టిపడుతుంది. రెండు గంటల్లో ఊరంతా అయిపోతుంది. షాపింగ్ అని పెద్ద ఆశలు పెట్టుకోకండి.

కాన్సాయ్, నగోయా వాళ్ళకి

ఒసాకా, క్యోటోల్లో ఉంటే పైవన్నీ పక్కన పెట్టి ఉజికి వెళ్ళండి. క్యోటో నుంచి నారా లైన్ ర్యాపిడ్‌లో 17 నిమిషాలు. టీ ఊరు. ఉజి వంతెన దగ్గర త్సూఎన్ అనే టీ కొట్టు 1160 నాటిది. మన దగ్గర కాకతి రుద్రదేవుడు అనుమకొండ నుంచి ఏలుతున్న కాలమన్నమాట. పది యెన్ నాణెం మీద ఉండే బ్యోదో-ఇన్ మందిరం 1053లో కట్టింది. నాణెం పక్కన పెట్టి ఫోటో తీసుకోని వాళ్ళు లేరు. గుడికి వెళ్ళే వీధంతా టీ ఆకు వేయించే వాసన. మాచ్చా (పచ్చ టీ పొడి) ఐస్‌క్రీమ్, టీ దాంగో, టీ జెల్లీ అక్కడ తినేవి. మాచ్చా పొడి డబ్బా, హోజిచా అనే వేయించిన టీ ఆకు ఇంటికి తెచ్చేవి. రెండు లెక్కలూ ఒకే ఊళ్ళో కుదురుతాయి. టీ మొక్కలకి కొన్ని వారాలు నీడ పట్టి, ఆకు ఎండబెట్టి, తిరగలిలో విసిరితే గంటకి వచ్చే పొడి 40 గ్రాములే. ధర ఎందుకంత అన్నదానికి జవాబు అదే. 2024 చివరి నుంచి గిరాకీ పెరిగి కొన్ని కొట్లు మనిషికిన్ని డబ్బాలే అంటున్నాయి, మధ్యాహ్నం దాకా ఆగకండి. మన చాయ్ అలవాటున్న పెద్దవాళ్ళకి చిక్కటి మాచ్చా ఒట్టిగా ఇవ్వకండి. పక్కన తీపి పెట్టి, ముందు అది తిన్నాక ఇవ్వండి. వాళ్ళ పద్ధతి కూడా అదే.

నగోయా వాళ్ళకి ఇసె. గుడి ముందు ఎనిమిదొందల మీటర్ల వీధి, అందులో 1993లో పాతకాలం తీరులో కట్టిన ఒకాగె యొకొచో. 1707 నుంచి ఉన్న అకాఫుకు ఇక్కడే పుట్టింది. తెల్ల మోచి (సాగే బియ్యపు ముద్ద) మీద అజుకి ముద్ద, దాని మీద వేళ్ళతో నొక్కిన గీతలు పక్కనే పారే ఇసుజు నది అలలకి గుర్తు. గుడ్డూ పాలూ ఉండవు. వేసవిలో రెండు రోజులు, చలికాలంలో మూడు రోజులు, అంతకు మించి నిలవుండదు. నగోయా స్టేషన్లో కూడా అమ్ముతారు కాబట్టి ఇసె నుంచి మొయ్యకండి. నది పక్కన కూర్చుని ఓ ప్లేటు తినండి. టోక్యో నుంచి ఈ రెండూ ఒక్కరోజు పని కాదు, అనవసరంగా హైరానా పడొద్దు.

శాకాహారుల మాట

మిఠాయిల్లో మనకి ఇబ్బంది తక్కువ. బియ్యం, అజుకి, పంచదార, సముద్రపు నాచు నుంచి తీసే కంతెన్, ఇంతే చాలావాటిలో. చూసుకోవాల్సినవి మూడు. దొరయాకి, కాస్తెరా లాంటి కేకు జాతిలో గుడ్డు (తమాగో) ఉంటుంది. మెత్తటి జెల్లీలు, గమ్మీల్లో 'జెరాచిన్' ఉండొచ్చు, అది జంతువులది. మూడోది సెంబెయ్. బియ్యపు అప్పడమే కదా అని కొంటే రొయ్యలో చేప సారమో ఉంటుంది. కమకురా, ఎనొషిమా వైపు ఆక్టోపస్‌ని నొక్కి అప్పడం చేసేది కూడా ఉంది, చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. అనుమానం లేకుండా తినదగ్గది కినాకో చల్లిన వరాబి మోచి. కినాకో వేయించిన సోయా పిండి. మూత తీస్తే సున్నుండల పిండి వాసన.

చివరిగా ఎవరు ఎటు. పిల్లలుంటే కవాగోయె, చేతిని గట్టిగా పట్టుకుని. నాలుగైదేళ్ళ లోపు వాళ్ళు, స్ట్రోలర్ ఉంటే కమకురా. ఓపిక తక్కువున్న పెద్దవాళ్ళతో షిబామతా, అదీ వారం మధ్యలో. ఎక్కడికెళ్ళినా ఓ ప్లాస్టిక్ కవరు పట్టుకెళ్ళండి, రోడ్డు మీద చెత్తబుట్టలు కనబడవు. చిల్లర పెట్టుకోండి. పదకొండు లోపు చేరుకోండి, సాయంత్రం ఐదుకల్లా చాలా కొట్లు మూసేస్తారు.

అమ్మానాన్నలు నెల రోజులుంటారనుకోండి, నేనైతే మొదటి వారం కవాగోయె తీసుకెళ్తాను, తిరుగు ప్రయాణానికి ముందు శనివారం కమకురా. పోయినసారి అలాగే చేశాను. అత్తయ్యకి హతో సాబురే పసుపు డబ్బా పంపించాను. బిస్కెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయట. ఆ డబ్బాలో ఇప్పుడు సున్నుండలున్నాయి.